తొమ్మిదో తరగతికి కాదనడం నేర్పిన పది రోజులు

జూలై 3, సోమవారం

ఉదయం 6.10. కొత్త డైరీ, కొత్త పెన్ను. హెడ్‌మాస్టర్ గారు నాకో బాధ్యత అప్పగించారు. తోటివాళ్ళు ఎంత బలవంతపెట్టినా మంచి నిర్ణయం తీసుకోవడం ఎలాగో తొమ్మిదో తరగతి పిల్లలకు నేర్పాలి. రోజుకో పీరియడ్, పది రోజులు. ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్నవాడిని, నాకిదో లెక్కా?

నియమం: చెప్పేవాడు ముందు చేసి చూపించాలి. కాబట్టి ఈ పది రోజులూ నేను కూడా ఎవరి బలవంతానికీ లొంగను. మా ఆవిడకు చదివి వినిపించాను. "అయితే పది రోజులూ మీ లెక్కల మాస్టారితో మాట్లాడరన్నమాట" అంది. ఆవిడకు వెటకారం ఎక్కువ.

11.20. క్లాసు అదిరిపోయింది. బోర్డు మీద మూడు మాటలు: ఆగు. ఆలోచించు. కాదను. పిల్లలు గొంతెత్తి మూడుసార్లు అన్నారు. ముందు బెంచీ అమ్మాయి ఒకతి లేచి, "సార్, కాదంటే ఫ్రెండ్స్ మాట్లాడరు కదా, అప్పుడేం చేయాలి?" అని అడిగింది. ప్రతిదానికీ ప్రశ్న వేస్తుందని దానికి లాయరమ్మ అని నేనే పేరు పెట్టాను. "మాట్లాడకపోతే మాననీ, నిజం నీ పక్కన ఉంటుంది" అన్నాను. నాకే ఒళ్ళు పులకరించింది. ఈ మాట ఎక్కడైనా రాసుకోవాలి. ఇదిగో, రాసుకున్నాను.

జూలై 4, మంగళవారం

చార్టు తయారుచేశాను. పైన ఎర్ర అక్షరాలతో: మనల్ని పడగొట్టే మాటలు.
1. అందరూ చేస్తున్నారు.
2. ఈ ఒక్కసారికే.
3. నువ్వు మావాడివి కాదూ?
4. ఎవరికి తెలుస్తుంది?

పిల్లలే గోడకు అంటించారు. దస్తూరీ బాగుందని లాయరమ్మ మెచ్చుకుంది. ఈ పిల్లలు బాగుపడతారు.

జూలై 5, బుధవారం

మధ్యాహ్నం భోజనాల వేళ వెనక మెట్ల దగ్గర డ్యూటీ. నాదీ, లెక్కల మాస్టారిదీ. పిల్లలు రెయిలింగు మీద జారకుండా చూడాలి, అంతే పని.

12.40. స్టాఫ్‌రూమ్‌లో హెడ్‌మాస్టర్ గారి పుట్టినరోజు కేకు. నేను రానన్నాను. ఆగాను, ఆలోచించాను, రెండూ చేశాను. "ఐదు నిమిషాలయ్యా. అందరూ ఉండి నువ్వొక్కడివీ లేకపోతే పెద్దాయన ఏమనుకుంటారు?" అన్నారు లెక్కల మాస్టారు. వెళ్ళాను. రెండు ముక్కలు తిన్నాను.

12.52. ఏడో తరగతి పిల్లాడు రెయిలింగు మీద నుంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. కేక విని ముందు పరుగెత్తింది డ్రాయింగ్ టీచర్. చేరి నాలుగు నెలలైంది, అందరికంటే చిన్నది. చెయ్యి కదలకుండా స్కేలు పెట్టి కట్టి, తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను అప్పటికి మూతి తుడుచుకుంటున్నాను.

ప్రాణానికేం భయం లేదట. రేపటి నుంచి గట్టిగా ఉంటాను.

జూలై 6, గురువారం

పిల్లాడి తండ్రి వచ్చి నానా మాటలూ అన్నాడు. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో కాగితం మీద రాసిమ్మన్నాడు.

సాయంత్రం 3.50. హెడ్‌మాస్టర్ గారు కాగితం తెచ్చారు. బుధవారం మెట్ల దగ్గర డ్యూటీ డ్రాయింగ్ టీచర్‌దని అందులో ఉంది. గోడ మీద డ్యూటీ పట్టిక కూడా కొత్తది, ఇంకా జిగురు ఆరలేదు. కాగితం కింద సంతకాలకు పదకొండు గీతలు.

"ఆ అమ్మాయి పర్మనెంట్ కాదు కదా, ఇంకోచోట చేరుతుంది. నీకూ నాకూ సంసారాలున్నాయి" అన్నారు లెక్కల మాస్టారు. అప్పటికి తొమ్మిది మంది పెట్టేశారు. పదోది ఆయన పెట్టి, అదే పెన్ను నా చేతిలో పెట్టారు. మూత తీసి ఇచ్చిన పెన్నును తిరిగి ఇచ్చేయడం మర్యాద కాదు.

గమనిక: నా మామూలు సంతకం పెట్టలేదు. కాస్త చిన్నగా, వంకరగా పెట్టాను. అది నిరసన కింద లెక్క.

జూలై 7, శుక్రవారం

డ్రాయింగ్ టీచర్‌కి నోటీసు ఇచ్చారు. వచ్చే గురువారం స్కూలు కమిటీ ముందు విచారణ. ఉద్యోగం పోతే, పిల్లాణ్ణి గాలికొదిలేసిన టీచరన్న పేరు వెంట వస్తుంది, ఇక ఏ స్కూల్లోనూ చేర్చుకోరు. ఆ ఇంట్లో సంపాదించేది ఆ అమ్మాయి ఒక్కతే. ఇదంతా మా ఆవిడ చెప్పింది. నేనేం అడగలేదు.

"మీరూ పెట్టారా సంతకం?" అంది.

"అందరూ పెట్టారు."

"నేను అందరి సంగతి అడగలేదండీ."

కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అన్నం నేనే వడ్డించుకున్నాను.

క్లాసులో ఏం చెప్పలేదు. తలనొప్పి. నిజంగానే తలనొప్పి.

జూలై 10, సోమవారం

పదకొండు సంతకాలూ చాలవట. తొమ్మిదో తరగతి గది మెట్ల పక్కనే కాబట్టి పిల్లల సంతకాలు కూడా కావాలట. "నీ మాట వింటారు, నువ్వే చేయించు" అన్నారు హెడ్‌మాస్టర్ గారు. పిల్లలకు నిర్ణయాలు నేర్పేది నేను కాబట్టి ఇదీ నా పనేనట.

11.20. కాగితం ముందు బెంచీకి ఇచ్చాను. లాయరమ్మ చదివి బల్ల మీద పెట్టేసింది.

"సార్, ఆ రోజు మెట్ల దగ్గర టీచర్లెవరూ లేరు. డ్రాయింగ్ టీచర్ వాడు పడ్డాకే వచ్చారు."

"పక్క సెక్షన్ వాళ్ళందరూ పెట్టేశారమ్మా."

వెనక బెంచీలోంచి ఎవరో "ఒకటి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఈ ఒక్కసారికే కదర్రా" అన్నాను.

"రెండు."

"మీరు నా క్లాసు పిల్లలు కాదూ?"

"మూడు." ఈసారి క్లాసంతా అంది.

అప్పుడు చూశాను. వాళ్ళు నావైపు చూడటం లేదు. నా వెనక గోడ మీద చార్టు చూస్తున్నారు. నాలుగోది నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

లాయరమ్మ లేచింది. "సార్, ఇది పరీక్షే కదా? మమ్మల్ని టెస్ట్ చేస్తున్నారు కదా?" ఆ పిల్ల ముఖంలో ఎంత ఆశో.

"అవును. అందరూ పాసయ్యారు" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా కోసం.

12.15. హెడ్‌మాస్టర్ గారు ఒక్క సంతకమూ లేని కాగితం చూసి, "ఏం నేర్పావయ్యా వీళ్ళకి?" అన్నారు. మీరు చెప్పిందే నేర్పానన్నాను. "అంత బాగా ఎవరు నేర్పమన్నారు?"

జూలై 11, మంగళవారం

పిల్లలు సొంతంగా కమిటీకి ఉత్తరం రాశారు. జరిగింది జరిగినట్టు. ముప్పై నాలుగు సంతకాలు. చివర్లో ఒక వాక్యం: "డ్యూటీ ఎవరిదో మాకు తెలియదు. మా సైన్స్ సార్‌ని అడగండి, ఆయన అబద్ధం చెప్పరు."

నిన్న పిల్లల సంతకాలు కావాలన్నవాళ్ళకే ఇవాళ పిల్లల మాట చెల్లదట. సంతకం పెట్టిన పెద్దల్లో ఒక్కరు వెనక్కి తీసుకున్నా ఆ అమ్మాయిని వదిలేస్తారట. గురువారం పదకొండు లోపు.

ఒక్కరు. పదకొండు మందిలో ఎవరో ఒకరు తీసుకోకపోతారా?

జూలై 12, బుధవారం

ఉదయం 7.30. ఎవరూ తీసుకునేలా లేరు. నేనే తీసుకుంటాను. ముందు ఆ అమ్మాయికి చెప్పి, అటు నుంచి అటే హెడ్‌మాస్టర్ గదికి. అద్దం ముందు అనుకుని చూశాను: "అమ్మా, ఆ రోజు డ్యూటీ నాది." ఐదే మాటలు.

10.40. డ్రాయింగ్ గది. బ్రష్షులు కడిగి అట్టపెట్టెలో సర్దుకుంటోంది.

"రండి సార్."

"అమ్మా" అన్నాను.

"చెప్పండి సార్."

"రంగు చాక్‌పీసు ఒకటి ఉందా?"

రెండిచ్చింది. గుమ్మం దాటుతుంటే, "సార్, పిల్లలు నిన్న నా దగ్గరికొచ్చారు. మా సార్ ఉన్నారు టీచర్, మీరేం భయపడకండి అన్నారు" అంది. థాంక్సమ్మా అని వచ్చేశాను.

ఆ అమ్మాయి పనిలో ఉంది కాబట్టి చెప్పలేదు. రేపు పొద్దున కూడా టైముంది.

జూలై 13, గురువారం

10.45. హెడ్‌మాస్టర్ గది దాకా వెళ్ళాను. లెక్కల మాస్టారు అడ్డొచ్చారు. "నువ్వు తీసుకుంటే మేం పదిమందిమీ అబద్ధాలకోరులమవుతాం. మేం నీకేం ద్రోహం చేశామయ్యా?" అన్నారు. ఆగాను. ఆలోచించాను. పదకొండు గంటల బెల్లు మోగింది.

12.10. డ్రాయింగ్ టీచర్ వెళ్ళిపోయింది. అట్టపెట్టె గేటు దాకా లాయరమ్మ మోసింది. నేను కిటికీలోంచి చూశాను. నేను పిరికివాణ్ణి. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

జూలై 14, శుక్రవారం

పదో రోజు. ముగింపు క్లాసు. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాను. లేవు. లాయరమ్మ కూడా ఏమీ అడగలేదు. పీరియడ్ నలభై నిమిషాలని నాకు ఇవాళే తెలిసింది.

3.30. కమిటీ పెద్దమనిషి పిల్లల ఉత్తరం చదివి, "వాళ్ళ మాట చెల్లకపోతేనేం, ధైర్యం చూడండి. ఎవరు నేర్పారు?" అన్నారట. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. సోమవారం నుంచి ఎనిమిదో తరగతి కూడా నాదే. "ఈసారి కాస్త తక్కువ నేర్పు" అన్నారు హెడ్‌మాస్టర్ గారు.

జూలై 17, సోమవారం

ఉదయం 6.10. మొదటి రోజు. జరిగిందేదో జరిగింది. ఈ పది రోజులూ ఎవరి బలవంతానికీ లొంగను. ఈసారి నిజంగానే. మా ఆవిడకు చదివి వినిపించలేదు.

11.20. ఎనిమిదో తరగతి. గుమ్మం దగ్గర లాయరమ్మ, ఇంకో ఇద్దరూ చిన్నపిల్లలతో ఏదో చెబుతున్నారు. నన్ను చూసి నమస్తే కూడా పెట్టకుండా పక్కకు తప్పుకున్నారు. లోపలికి వెళ్ళి, ధైర్యంగా నిజం చెప్పడం గురించి మొదలుపెట్టాను. రెండో బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఆ రోజు మెట్ల దగ్గర డ్యూటీ ఎవరిది?"

నలభై మంది నా నోటివైపే చూస్తున్నారు.

"పుస్తకాలు తీయండి" అన్నాను.