తూటాతో పోతే ఆ ఉత్తరం పోలీసులకు

కాబూల్ వాసిని, వాయుసేనలో హెలికాప్టర్ పైలట్‌ని అయిన కెప్టెన్ సనోబర్ కోహిస్తానీ అనే నేను, ముప్పై రెండేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నాకు పిచ్చి పట్టిందని మావాళ్ళు పదేళ్ళుగా అంటున్నారు. పోయిన నెలే సైనిక వైద్యుడు నన్ను పరీక్షించి, ఎగరడానికి తగినదాన్నని రాసిచ్చాడు. ఆ కాగితం జతచేశాను.

1. నా భర్త బతికి లేడు. నా తదనంతరం నా కూతురు మర్సల్, ఏడేళ్ళది, మా అమ్మ హనీఫా దగ్గరే పెరగాలి. మా పెదనాన్న దిలావర్‌కు గానీ, ఆయన కొడుకులకు గానీ దానిపై ఏ అధికారమూ లేదు. చదువు ముగిసేదాకా దాని పెళ్ళి మాట ఎవరూ ఎత్తకూడదు.

2. ఇల్లు నిరుడే అమ్మ పేర రాయించాను. దానికోసం ఎవరూ శ్రమపడి రానక్కర్లేదు.

3. పోయిన శుక్రవారం తలుపు కిందనుంచి ఒక ఉత్తరం తోశారు. యూనిఫాం వదలకపోతే నన్నూ బిడ్డనూ బతకనివ్వరట. కింద ఏదో ముఠా పేరుంది. రాత మాత్రం మా పెదనాన్నది. నాచేత అక్షరాలు దిద్దించిన చెయ్యి అది, గుర్తుపట్టలేనా? చదువు చెప్పినవాడని ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు. నేను జబ్బుతోనో, హెలికాప్టర్ కూలిపోయో చనిపోతే ఆ ఉత్తరం ఆయనకు తిరిగి ఇచ్చెయ్యాలి. తూటాతో పోతే పోలీసులకు ఇవ్వాలి.

4. గొర్రెతోలు కోటు బదఖ్షాన్‌లోని మీర్ అఫ్జల్ బాబాకు. మంచుచరియలు విరిగి వాళ్ళ ఊరి దారి మూసుకుపోయినప్పుడు నన్ను పంపారు. ఆయన కోడలు రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. ఆడది నడిపే బండి ఎక్కించనని, మగవాణ్ణి పంపమని పట్టుబట్టాడు. "మగవాడు వచ్చేసరికి రేపు సాయంత్రమవుతుంది బాబా. ఆమె అందాకా ఆగదు," అన్నాను. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి కోడల్ని తానే ఎత్తుకొచ్చి, "తలుపెటు, బిడ్డా?" అని అడిగాడు. తల్లీబిడ్డలు బతికారు. ఆయన ఏటా ఎండు మల్బరీ పళ్ళు పంపిస్తాడు. కోటు భుజాల దగ్గర బిగుతైతే నన్ను తిట్టుకోనివ్వండి.

5. హెల్మెట్ సైన్యానిది, అప్పగించండి. లోపల అతికించిన, మర్సల్ గీసిన బొమ్మను ముందు జాగ్రత్తగా ఊడదీయాలి. టీ ఫ్లాస్కు మెకానిక్ నజర్‌కు. మొదటి ఏడాదంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నేను ఎక్కేముందు ప్రతి మరనూ తానే బిగించి చూస్తాడు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే.

6. మా దగ్గర ఆడవాళ్ళ సమాధుల మీద తండ్రి పేరో కొడుకు పేరో ఉంటుంది. నా రాయి మీద నా పేరు చెక్కాలి, హోదాతో సహా. చెక్కేవాడు సిగ్గుపడితే ఇంకొకణ్ణి వెతకండి.

ఇది రాజీనామా కాదు. ఎల్లుండి కందహార్‌కు వెళ్ళే పని ఉంది, వెళ్తున్నాను.

కాబూల్, మా అఫ్ఘాన్ లెక్కలో 1397 హూత్ నెల 9వ తేదీ (2019 ఫిబ్రవరి 28)
(సంతకం) సనోబర్ కోహిస్తానీ

సాక్షులు:
1. లెఫ్టినెంట్ ఫరీదూన్, నా సహపైలట్.
2. కద్రియా, మా పెద్దమ్మ, పైన చెప్పిన దిలావర్ భార్య. "ఆయనతో చెప్పే వచ్చానని కూడా రాయవే," అంది. రాశాను.