రెండు పడవలకు ఒకే ఫోను

బరంపురం

చిరంజీవి సాయిపద్మకు నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. పొడంపేట పైడన్నకు భుజం విరిగింది కాబట్టి అతన్ని ఆ లెక్కలో కలపలేదు. నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగావు. ఉంది.

"నా ప్రోగ్రాం పరీక్షలన్నీ నెగ్గింది నాయనమ్మా, నా తప్పేం లేదు" అని రాశావు. పడవలకు గాలి హెచ్చరికలు పంపే ప్రోగ్రాం అది. ప్రతి పరీక్షకూ ముందు కంప్యూటర్‌లో నమూనా పడవలు పేర్చింది ఎవరు? నువ్వు. ఒక్కో పడవకు ఒక్కో ఫోను ఇచ్చింది ఎవరు? నువ్వే. భువనేశ్వర్‌లో ఏసీ గదిలో కూర్చుంటే లోకం అలాగే తోస్తుంది. ఒక పడవకు నా పేరు పెట్టావట, ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చిందట. రాదా మరి, దానికి సొంత ఫోనుంది! ప్రశ్నా నీదే, జవాబూ నీదే. నేను కాలేజీలో లెక్కలు చెప్పిన రోజుల్లో అలాంటి మార్కులను కాపీ అనేవాళ్ళం.

పొడంపేటలో పైడన్నకూ అతని తమ్ముడు ముత్యాలుకూ పడవలు రెండు, ఫోను ఒకటి. దూరం వెళ్ళేవాడు దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి తీసుకెళతాడు. ఆ రోజు ఫోను పైడన్న దగ్గరుంది, ముత్యాలు ముందే తిరిగొచ్చాడు. రేవులో అతని పేరు నమోదు కాగానే, ఆ నంబరువాళ్ళంతా ఒడ్డునే ఉన్నారని తేల్చేసి నీ ప్రోగ్రాం హెచ్చరిక పంపలేదు. నడిసముద్రంలో పైడన్న పడవ గాలికి తిరగబడింది.

మన గుమ్మంలో చేపలమ్మే నీలమ్మ అతని భార్యే. "ఏటమ్మా, మా ఆయన నీటిలో ఉంటే ఒడ్డుకొచ్చీసినాడని ఆ మిషనుకి ఎవులు సెప్పినారు?" అని నన్నే అడిగింది.

గుట్టుగా సరిచేసేస్తాను, ఎవరితోనూ అనకు అని బతిమాలావు. ఆలస్యమైంది. నేను నీలమ్మకు చెప్పేశాను. ఎవరో కాదు, నా మనవరాలే అని కూడా చెప్పాను. నీ ఉద్యోగానికి ఏమవుతుందో నాకు తెలియదు. ఆ క్షణంలో ఆలోచించలేదు, ఇప్పుడూ ఆలోచించదలచుకోలేదు.

తిడుతుందనుకున్నాను. నీలమ్మ ఖాళీ గంప కింద పెట్టి, "అయితే ఆ పాపని రమ్మనండి. మా పడవలే ఎట్టి, మా ఫోనే ఎట్టి, మా కళ్ళముందర సూడమనండి. మోగితే ఎల్తాం. లేదంటే ఊరు ఊరంతా ఏటకెల్లదు" అంది.

పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. నీ పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పి రైలెక్కు. బరంపురంలో దిగి ఇంటికి రాకు, నీకు వండను. నేరుగా పొడంపేట వెళ్ళు. వాళ్ళు తిన్నాక నువ్వు తిందువుగాని.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
నాయనమ్మ పుణ్యవతి