బండకూ బండకూ మధ్య సందు

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అన్నకు,

చెల్లెలు రూతు వందనాలు. నువ్వు, వదిన, పిల్లలు, పెద్దమ్మ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నాను. మొన్న ఫోన్లో గొంతు బొంగురుగా ఉన్నది జలుబు వల్లే, బెంగ వల్ల కాదని వదినకు చెప్పు. ఇక్కడ ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటున్నాను. మన కరణ్‌కోటలో చెబితే ఎవరైనా నమ్ముతారా? సాంబారులో బెల్లం వేస్తారు, అదొక్కటే ఇంకా అలవాటు కాలేదు. కన్నడ మన తాండూరు బజారులో విన్నదే కాబట్టి పరాయి ఊరనిపించదు. ఆదివారం ప్రార్థన అయ్యాక మాత్రం మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. కాసేపే. తర్వాత బట్టలు ఉతుక్కుంటాను.

నా పనేమిటని పెద్దమ్మ ప్రతిసారీ అడుగుతుంది కదా, ఈ నాలుగు ముక్కలు మాత్రం చదివి వినిపించు. శబ్దం కంటే వేగంగా పోయే విమానం తయారీలో చిన్న భాగం మా ఆఫీసుకు వచ్చింది. అంత వేగంలో ముందున్న గాలి తప్పుకునే వ్యవధి లేక నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి విమానం పైరేకు సాగుతుంది. లోపలి చట్రం ఇంకా చల్లగా ఉంటుంది, అది సాగదు. ఈ రెంటినీ కలిపి ఎలా బిగించాలో బొమ్మ గీయడం నా పని. సందు ఎక్కువైతే గాలి దూరి విమానం ఇంధనం ఎక్కువ తాగుతుంది, తక్కువైతే రేకు ఉబ్బుతుంది.

నా మొదటి బొమ్మ ప్రకారం చేసిన రేకును పోయిన వారం పరీక్ష కోసం పెద్ద దీపాల కింద వేడిచేశారు. అంచులు వెంట్రుక దూరనంత బాగా కలిపానని మురిసిపోతూ నిలబడ్డాను. కాసేపటికి ఫట్‌మని చప్పుడు. రేకు పూరీలా పొంగింది. బోల్టులు ఎక్కువ బిగించాడని మా మేడమ్ ఫిట్టర్ సాదిక్ భాయ్‌ మీద విరుచుకుపడ్డారు. ఆయనది వికారాబాదే. "చెప్పినంతనే బిగించిన చెల్లె, ఎక్కువ తిప్పలే" అని నాతో మెల్లగా అన్నాడు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. నోరు మూసుకుంటే నాకు ఏ ఢోకా లేదు.

అప్పుడే మోమిన్‌పేటలో ఆ ఇంటి డాబా కళ్లముందు నిలిచింది. పదో తరగతి సంక్రాంతి సెలవుల్లో నీ వెంట బండలు పరచడానికి వచ్చాను, గుర్తుందా? బండకూ బండకూ మధ్య సందు కోసం రేకుముక్క పెట్టి చూపించావు. "ఎండకు బండ గూడ పెరుగుతదే చెల్లె, జర జాగ ఇయ్యాలె" అన్నావు. ఒక మూల నన్నే పరవమని బువ్వకు పోయావు. నాకేమో ఆ సందులు చూడ్డానికి బాగోలేదు. ముక్కలు పెట్టకుండా బండలన్నీ ఆనించేసి పైన సిమెంటు నీళ్లు పూశాను. ఎండాకాలం వచ్చేసరికి ఆ మూల లేచిపోయింది. ఇంటాయన నలుగురిలో నిన్ను తిట్టాడు. "నాదే తప్పు పటేలా, మళ్ల పరుస్త" అన్నావు. ఇస్తానన్న కింది అంతస్తు పని నీకు ఇవ్వలేదు. నేను పక్కనే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఒక్క మాట అనలేదు.

ఈసారి అన్నాను. "మేడమ్, బోల్టుల తప్పు కాదు. బొమ్మలో సందు నేనే వదల్లేదు." ఆమె మళ్లీ గియ్యమన్నారు. ఒక వైపు మాత్రం గట్టిగా బిగించి, మిగతా వైపుల బోల్టు జరగడానికి రంధ్రాలు కోలగా పెట్టాను. గురువారం వేడిచేస్తే రేకు సాగింది, జరిగింది, చల్లారాక చప్పుడు లేకుండా తన చోటుకు వచ్చింది. సాదిక్ భాయ్ తన చాయ్ నా చేతిలో పెట్టి, "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు. ఉద్యోగం సంగతి వచ్చే నెల తెలుస్తుంది. ఫికర్ చేయకు, నేను నిజంగానే సంతోషంగా ఉన్నాను.

ఫోన్లో అయితే వదిన స్పీకర్ పెడుతుందని ఉత్తరం రాశాను. ఎవరైనా వస్తుంటే మన కందిపప్పు, చింతకాయ తొక్కు పంపు. పెద్దమ్మకు నా వందనాలు, నా కోసం ప్రార్థన చేయమను. పిల్లలకు ముద్దులు.

కవరులో గట్టిగా తగిలేది పారేయకు. ఆ రోజు డాబా మీద బండల మధ్య పెట్టకుండా దాచిన రేకుముక్కల్లో అదొకటి. ఇన్నేళ్లూ నా కంపాస్ పెట్టెలోనే ఉన్నాయి అన్నా.

నీ దీవెన కోరే చెల్లెలు,
రూతు