రెండువందల పద్నాలుగో ముక్క

అక్కకు,

నీ తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఆ మంచు మధ్య స్టేషన్‌లో నువ్వూ, నీతో ఉన్న పదకొండుమందీ క్షేమమని తలుస్తాను. పోయిన శనివారం, శాటిలైట్ ద్వారా వారానికోసారి వచ్చే ఉత్తరాల కట్టలో నీది అందింది. ఇది నేను రాస్తున్న ముప్పై నాలుగోది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కిటికీలో నీ మొక్క బతికే ఉంది, నా చేతి నీళ్ళు తాగి కూడా. పక్కింటావిడకు మోకాలు నయమైంది. మళ్ళీ మెట్లెక్కి వచ్చి నా వంటకు వంకలు పెడుతోంది. ఆఫీసులో మా పెద్దాయన ఏమీ మారలేదు. మంచు కోసే చలిగదిలో తను గ్లవ్స్ లేకుండా నిలబడి, గ్లవ్స్ గురించి నాకు క్లాసు పీకుతాడు. వంటింట్లో కారే కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఇక నీ పెద్ద ప్రశ్న. చివరి ఓడలో వచ్చిన మంచు ఆరు ల్యాబులకూ అందిందా, అందితే రెండువందల పద్నాలుగో ముక్క దగ్గర ధూళి లెక్క ఎందుకు ఒక్కసారిగా దూకింది అని అడిగావు. అందరికీ అందింది. దూకడం మాత్రం నా పని.

నీకు తెలిసిన సంగతే అయినా వరసగా చెప్పుకుంటే గానీ నాకు రాయడం కుదరడం లేదు. నువ్వు మీటరు చొప్పున మంచు తవ్వి, ఒక్కో ముక్కనూ సంచిలో పెట్టి, దాని మీద పెన్సిలుతో బాణం గీసి పంపుతావు. బాణం మొన ఉన్నవైపు పైభాగం, అంటే తర్వాత కురిసిన మంచు. నేను ముక్కను రంపం మీద పొడవునా చీల్చి సగం దాచిపెడతాను. మిగతా సగాన్ని ఆరు సన్నటి బద్దలుగా కోసి ఆరు చోట్లకు పంచుతాను. వాళ్ళ లెక్కలన్నీ అందరూ చూసే ఒకే పట్టికలోకి వస్తాయి. ఇందులో నా తెలివితేటలతో పనిలేదు, బాణం చూసుకుంటే చాలు. ఈ ఉద్యోగంలో చేరిన రోజున నాన్న కూడా అదే చెప్పాడు. "కత్తెర పెట్టేముందు నేత ఎటుందో చూడరా. నువ్వు కోసేది మంచైతే మాత్రం ఏంటి?" అన్నాడు.

మంగళవారం పెద్దాయన సంతకం తీసుకుని, దాచిన సగాల్లోంచి రెండువందల పదమూడునూ, పద్నాలుగునూ బయటికి తీశాను. పళ్ళెంలో పక్కపక్కన పెడితే విరిగిన అంచులు కలవలేదు. పద్నాలుగును తిప్పి పెట్టాను. గోరు దూరే సందు కూడా లేకుండా ఇమిడిపోయింది. అంటే దాన్ని నేను తలకిందులుగా కోశాను, ఆరు ల్యాబులూ తలకిందులుగానే చదివాయి. ధూళి పెరిగితే చలి పెరిగినట్టు కదా, చలి అక్కడ ఒక్కసారిగా వచ్చిపడిందని నువ్వు రాసుకున్నావే, అలా రాలేదు. మెల్లగానే వచ్చింది. నువ్వు మూడు వారాలు కూర్చుని రాసిందంతా నా మూలంగా పాడైంది. తిడితే పడతాను.

పెద్దాయన తిట్టలేదు. "పదకొండేళ్ళలో మొదటిది. సవరణ రాసి పంపు," అన్నాడు, అంతే. సవరణ కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'పొరపాటు' అని రాశాను. ధూళి ల్యాబు పెద్దావిడ దాన్ని తిప్పి పంపి ఫోను చేసింది.

"పొరపాటని మాకూ కనబడుతోంది బాబూ. ఎందుకు జరిగిందో రాయండి. ఆ రోజు మీరు ఇంకో ఎనిమిది ముక్కలు కోశారు. వాటిని నమ్మాలో వద్దో మాకెలా తెలుస్తుంది?"

ఆవిడ అడిగింది న్యాయమే. ఆ కాగితం సోమవారం ఆరు ల్యాబులకూ, మంచు తవ్వినవాళ్ళకూ ఒకేసారి వెళ్తుంది. తవ్వినదానివి నువ్వు. ఆ గడిలో ఉన్నది నువ్వు అందరితో కలిపి చదవకూడదు. అందుకని శనివారమే ఈ ఉత్తరం పంపుతున్నాను.

పైన 'మేమంతా క్షేమం' అని రాయలేదు, గమనించే ఉంటావు.

ఆ రోజు పదమూడును దించి పద్నాలుగును బల్ల మీద పెట్టాను. పెద్దాయన తలుపు తీసి, ఇంటి నుంచి ఫోనన్నాడు. చిన్నాన్న చేశాడు. నాన్న కుట్టుమిషను ముందు కూర్చునే తల వాల్చేశాడట. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. నేను ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి, పద్నాలుగో ముక్క కోసి, అప్పుడు ఇంటికి వెళ్ళాను. ఎందుకు కోశావంటే ఏం చెప్పను? బల్ల మీద వదిలేస్తే కరిగిపోతుందనుకున్నాను. మైనస్ ఇరవైలో ఏం కరుగుతుంది!

ఇది జరిగి ఏడు వారాలైంది. "ఇంకో మూడు నెలలదాకా విమానం లేదు. చెప్తే మాత్రం రాగలదా? అక్కడ ఒక్కతే కుమిలిపోతుంది. వచ్చాక చెప్దాంలే," అన్నాడు చిన్నాన్న. నేను సరేనన్నాను. అప్పుడు ఎవరేమన్నా సరేననేవాణ్ణి. ఇప్పటికీ నాకు ఏడుపు రాలేదక్కా. తింటున్నాను, పడుకుంటున్నాను, పనికి వెళ్తున్నాను. చలిగదిలోంచి బయటికొచ్చాక వేళ్ళు కాసేపు మనవి కానట్టుంటాయి చూడు, నేను మొత్తం అలాగే ఉన్నాను.

నాన్నకు చెవుడు కాబట్టి ఫోను పట్టేవాడు కాదు. నా ఉత్తరం చివర నాలుగు మాటలు చెప్పి రాయించేవాడు. ఏడు వారాలుగా ఆ నాలుగు మాటలూ నేనే అల్లాను. "నాన్న మెత్తబడ్డాడేంట్రా, తిట్టడం మానేశాడు?" అని రాశావు పోయినసారి. ఆయన పేరు పెట్టి నిన్ను తిట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

కారణం గడిలో ఇలా రాశాను: "కోతకు ముందు తండ్రి మరణవార్త అందింది. బాణం చూడలేదు. మిగతా ఎనిమిదీ వార్తకు ముందే కోసినవి, అంచులు కలిపి చూశాను, సరిగా ఉన్నాయి."

మన ఉత్తరాలకూ ఒక సవరణ ఉంది. అన్నీ దాచుకుంటావని తెలుసు, తీసి చూడు. ఇరవై ఆరో ఉత్తరం దాకా చివరి మాటలు నాన్నవి. ఇరవై ఏడు నుంచి ముప్పై మూడు దాకా నావి, వాటిని కొట్టెయ్యి. ఇరవై ఆరులో ఉన్నదే ఆయన నీకు చెప్పిన ఆఖరి మాట: "ఆ మొండిఘటాన్ని చెవులు కప్పుకోమను. కోటు బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకు తిరగొద్దని చెప్పు. దర్జీ కూతురు, నా పరువు తీస్తుంది."

అందులో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

ఇట్లు,
ఇంట్లో ఒక్కడే ఉన్న
నీ తమ్ముడు