నాన్న రేజర్, గిడియోన్ చెంపలు

మెదక్,
శనివారం రాత్రి.

చెల్లి ప్రిస్కిల్లాకు పెద్దక్క మార్తమ్మ దీవించి రాయునది.

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. క్షేమం అన్న మాట ఎప్పుడూ మొదటే రాస్తాను. ఈసారి చివరికి ఉంచుకున్నాను. కంగారుపడకు. వరసగా చదువు.

నువ్వు సుశీల చేతికిచ్చి పంపిన ఉత్తరం అందింది. ఆమె సెలవు అయిపోయి ఎల్లుండి మళ్ళీ మీ ఆసుపత్రికే వస్తోంది కనుక ఈ జవాబు కూడా ఆమె చేతికే ఇస్తాను. నాకు ఫోన్ చేసి అడిగితే మీ ఆయన గిడియోన్ పక్కనే ఉంటాడని కాగితం మీద అడిగావు. మంచి పని చేశావు. మన ఇంట్లో ఒకరికి ఫోన్ వస్తే అందరం వింటాం.

ముందు ఇవాళ పొద్దున సంగతి రాస్తాను. రోజూలాంటి పొద్దునే. లేచి వాకిలి ఊడ్చాను. నాన్నకు చాయ్ చేసి ఫ్లాస్కులో పోసి మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. పక్కింటి మోహసిన్ వాళ్ళ కోళ్ళు మన గోడెక్కి కూశాయి. చర్చి గంట వినబడింది. తెల్లచీర కట్టుకొని బైబిల్ సంచిలో పెట్టుకుంటుంటే గిడియోన్ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"వదినా, ప్రార్థనకు పోతున్నరా?"

"పోతున్న."

"ఎప్పటి లెక్కనే వస్తరు గద?"

"ఎప్పటి లెక్కనే."

పొయ్యి మీద చిన్న గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. నా స్నానం అయిపోయింది. నాన్న స్నానం ఎండెక్కాక. ఆ గిన్నెడు నీళ్ళు ఎవరికో నేను అడగలేదు. గేటు వేసి వీధిలోకి వచ్చాక వెనక్కి చూశాను. కిటికీ తెర కొంచెం కదిలింది. నేను పోయానో లేదో చూస్తున్నాడు.

ప్రిస్కిల్లా, ఆ తెర కదలడం ఇవాళ కొత్త కాదు. నీ ఉత్తరం రాకముందు నుంచీ చూస్తున్నాను.

ఇక నువ్వు అడిగినవి.

"ఆయన ముఖం గంత నున్నగ ఎట్లయింది అక్కా, ఎవరి కోసం?" అని రాశావు. పెళ్ళినాటి నుంచీ అతని మెడ మనకు తెలుసు. గడ్డం గీసుకుంటే మంట, ఎర్రటి పొక్కులు. గీసుకోకపోతే దురద. పెళ్ళి ఫోటో తీసేముందు కాలరు పైన పౌడరు అద్దింది నేనే. వారానికోసారి గీసుకోవడానికే ఏడ్చే మనిషి ఇప్పుడు రోజూ గీసుకుంటున్నాడు. ఒక్క పొక్కు లేదు. వీడియోలో చూసి నీకు అనుమానం వచ్చిందంటే నిన్ను తప్పు పట్టను. నాకూ వచ్చింది.

బస్టాండు ఎదురుగా ఫ్యాన్సీ స్టోరులో అతన్ని ఎవరో చూశారట, నిజమేనా అన్నావు. నిజమే. నేనూ చూశాను. గాజులు, జడపిన్నులు కొనే ఆడవాళ్ళ మధ్య నిలబడి చిన్న పొట్లం ఒకటి జేబులో వేసుకున్నాడు. నన్ను చూసి, "మొబైల్ కవర్ కోసమొచ్చిన వదినా" అన్నాడు. ఆ స్టోరులో మొబైల్ కవర్లు అమ్మరు.

ఇంట్లో ఎలా ఉంటున్నాడన్నావు. కూనిరాగం తీస్తున్నాడు. దగ్గరికొస్తే గంధం సబ్బు వాసన. ఇంకొకటి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. నాన్న ఇనుపపెట్టెలో పాత రేజర్ ఉండేది కదా, పిడి తిప్పితే తల ఊడి వచ్చేది, మనం చిన్నప్పుడు ముట్టుకుంటే దెబ్బలు తిన్నది. దాని డబ్బా తెరిచి చూస్తే ఖాళీ. నాన్నను అడిగాను. "ఏం రేజర్?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నర్సాపూర్‌లో ఉన్న తమ్ముడు అనూప్‌కు ఫోన్‌లో చెప్తే వాడు, "పాత సామాన్లకు ఆన్‌లైన్ల మస్తు గిరాకున్నది పెద్దక్కా. బావ అమ్మిండేమో, జర కన్నేసి ఉంచు" అన్నాడు.

కన్నేసే ఉంచాను. చాయ్ గ్లాసు అతని చేతికి ఇవ్వడం మానేసి గట్టు మీద పెట్టి పోయేదాన్ని. ప్రార్థనలో ఇంటివాళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటూ అతని పేరు దగ్గర ఆగిపోయేదాన్ని. ఏమడగాలో తెలియక.

చివరగా, నాన్నతో మాట్లాడేటప్పుడు వీడియో ఎందుకు పెట్టడం లేదు, ఎప్పుడూ ఫోన్ చెవికే ఎందుకు పెడుతున్నారు అని అడిగావు. దీనికి జవాబు కింద రాస్తాను. తప్పించుకోవడం లేదు.

ఇవాళ ప్రార్థన జరగలేదు. చర్చి అయ్యగారు ఎవరినో సమాధి చేయడానికి రేగోడ్ పోయారు. ఒక కీర్తన పాడి అందరం లేచాం. ఇంటికొచ్చి గేటు చప్పుడు కాకుండా పైకెత్తి తీశాను. ప్రార్థనకు పోయి వచ్చిన మనిషి చేయాల్సిన పని కాదు. చేశాను.

బాత్‌రూము తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. నాన్న గది తలుపు మూసి ఉంది. లోపల గిడియోన్ గొంతు మెల్లగా వినబడింది. ఆ వెంటనే నాన్న నవ్వు. ఆ నవ్వు విని చాలా రోజులైంది. తలుపు తోశాను.

నాన్న కిటికీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. మెడ చుట్టూ పాత పంచె. చెవుల దాకా తెల్లటి నురగ. గిడియోన్ ఆయన ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో ఆ రేజర్. నన్ను చూసి ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. నాన్న మాత్రం ఆగలేదు.

"తలుపు దగ్గరికెయ్యి మార్తా. గాలికి నురగ ఆరిపోతది." తర్వాత అతనితో, "చూస్తవేందయ్యా, కానియ్యి. నొక్కకు. దాని బరువే దానికి చాలు."

"నొక్కుతలేను మామా. మీరు మాట్లాడకుండ్రి, చెంప కదులుతది."

"నేను మాట్లాడకపోతే నీకెవరు చెప్తరు?"

"మామా, గదువ కదిలియ్యకుండ్రి, తెగుతది!"

నేను గోడకానుకొని చూశాను. పక్కనే వేణ్ణీళ్ళలో ముంచి పిండిన తువ్వాల ఇంకా ఆవిరి కక్కుతోంది. అది ముఖం మీద వేసి ఉంచి, వెంట్రుక మెత్తబడ్డాకే నురగ రాశాడట. వెంట్రుక ఎటు వాలితే రేజర్ అటే పోతోంది, ఎదురు పోవడం లేదు. ఒక్కో గీత చిన్నది. గీత గీతకూ మగ్గులో ముంచి కడుగుతున్నాడు. మెడ దగ్గర వెంట్రుక పక్కకు తిరుగుతుంది కదా, అక్కడ వేలితో తడిమి చూసి మరీ దిగుతున్నాడు. ఒకసారి అయ్యాక మళ్ళీ నురగ రాసి అడ్డంగా ఒక్కసారి. పొడి చర్మం మీద రేజర్ ఆనించనే లేదు. తర్వాత చన్నీళ్ళు. తర్వాత పటిక తడిపి మెల్లగా రుద్దాడు.

"నెత్తురున్నదా బిడ్డా, చూడు" అన్నాడు నాన్న.

దగ్గరికి పోయి చూశాను. కళ్ళజోడు పెట్టుకొని మళ్ళీ చూశాను.

"లేదు నాన్నా."

"ఉండది. పని నాది. చెయ్యే అల్లునిది."

ప్రిస్కిల్లా, నాన్న గడ్డం నాన్న ఎందుకు గీసుకోలేదని నువ్వు ఇప్పుడు అడుగుతావు. మేం నీ దగ్గర దాచింది అదే.

క్రిస్మస్ అయిన కొన్నాళ్ళకు ఒక పొద్దున నాన్న చేతిలోంచి ఆ రేజర్ జారి నేలమీద పడింది. తీయబోతే వేళ్ళు మూయలేకపోయాడు. దవాఖానకు తీసుకుపోయాం. మెదడులో చిన్న నరం దగ్గర రక్తం ఆగిందన్నారు. మాట బాగుంది, నడుస్తున్నాడు, కుడి చెయ్యి పట్టు మాత్రం పోయింది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడు. నువ్వు నర్సువు, నీకు ఇంతకంటే చెప్పక్కరలేదు. దవాఖాన మంచం మీదనే అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. "ప్రిస్కిల్లాకు చెప్పొద్దు. ఎన్నేండ్లు తిరిగితే దొరికిన కొలువు. ఇడిసిపెట్టి ఉరికొస్తది." నేనూ సరే అన్నాను. వీడియోలో చెయ్యి కనబడుతుందని ఫోన్ చెవికే పెట్టాం.

నాన్న సంగతి నీకు తెలుసు. చర్చిలో వాక్యం చదవడానికి నిలబడితే ముఖం అద్దంలా ఉండాలి. మంగలి ఇంటికొచ్చి గీస్తే చిన్న గాటు పడింది. ఆ మాత్రల వల్ల నెత్తురు మధ్యాహ్నం దాకా ఆగలేదు. అనూప్ ప్లాస్టిక్ రేజర్ తెచ్చి గీస్తే మెడంతా కాలినట్టు ఎర్రబడింది. ఆయన చర్మం కాగితమైపోయింది ఇప్పుడు. "నేను గీస్త మామా" అని గిడియోన్ అంటే నాన్న మండిపడ్డాడు. "అల్లునితోని గడ్డం గీయించుకునే గతి పట్టలే నాకు!" ఆ తర్వాత గడ్డం పెరిగింది. "గీ ముఖంతోని దేవుని మందిరానికి రాను" అని చర్చి మానేశాడు. ఆదివారం గంట మోగితే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. ఎంత బతిమాలినా లేవలేదు.

మీ ఆయన ఏం చేశాడో తెలుసా? నాన్నను బతిమాలలేదు. ఒకరోజు నేను ప్రార్థనకు పోయాక ఆయన దగ్గర కూర్చొని తన మెడ చూపించాడట. "మామా, ఈ పొక్కులతోని పరేషానున్న. మీరు మీ రేజర్‌తోని ఎట్ల గీసుకునేటోళ్ళు, జర నాకు చెప్పుండ్రి" అన్నాడట. నాన్నకు హుషారొచ్చింది. ఇనుపపెట్టె తాళం తానే ఇచ్చాడు. అల్లుడి ముందు మెత్తబడ్డాడని మేం నవ్వుతామని, ఎవరికీ చెప్పొద్దన్నాడట. రోజూ నేను గేటు దాటగానే అల్లుడు అద్దం ముందు, మామ కుర్చీలో. నీళ్ళు ఇంత వేడి, గంధం సబ్బు నురగ ఇంత చిక్కన, రేజర్ ఇంత వంపు. ఫ్యాన్సీ స్టోరు పొట్లంలో ఉన్నవి రెండువైపులా పదునుండే పాత రకం బ్లేళ్ళు. ఊళ్ళో ఇంకెక్కడా దొరకడం లేదట. తన మెడ మీద ఒక్క పొక్కూ లేకుండా పోయేదాకా ఆగి, అప్పుడు అన్నాడట. "మామా, నాది మీకన్న పాడు చర్మం. దీనికే ఏం కాలే. ఇగ మీరు కూసోండ్రి."

చదువు చెప్పిన పంతులు శిష్యుడిని కాదనలేడు కదా. నాన్న కూర్చున్నాడు. ఇవాళే మొదటిసారి.

గిన్నె కడగడానికి పెరట్లోకి వచ్చినప్పుడు గిడియోన్‌ను అడిగాను.

"ప్రిస్కిల్లా నీ మీద అనుమానపడుతున్నది. తెలుసునా?"

"తెలువకేంది వదినా. రోజూ అడుగుతది. నిన్న ఫోన్ల ఏడ్చింది గూడ."

"మరి చెప్పొచ్చు గద?"

"ఏమని చెప్పాలె? గడ్డం గీకుడు నేర్చుకుంటున్న అంటె ఎందుకంటది. మామకంటె, మామకేమైందంటది." గిన్నె కడిగిందే కడుగుతున్నాడు. "మామకు మాటిచ్చిన గద వదినా. నన్నే అనుమానపడనియ్యి. వచ్చినంక కాళ్ళు పట్టుకుంట."

లోపలికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "ఆయన అట్లాంటోడైతే నాకు ముఖం చూపొద్దని చెప్పక్కా" అన్న వాక్యం దగ్గర ఆగాను.

సాయంత్రం అనూప్ నర్సాపూర్ నుంచి వచ్చాడు. దీపం పెట్టాక ప్రార్థన చేసుకొని నలుగురం నాన్న గదిలో కూర్చున్నాం. నీ ఉత్తరం నేను పైకి చదివాను. నీకు కోపం వస్తే రానీ. చదవకపోతే పని జరగదు.

అనూప్ మొదట నవ్వాడు. "గింత అందంగైనంక డౌట్ రాకుంటె ఎట్ల బావా?" తర్వాత వాడే, "చెప్తె చిన్నక్క ఆగదు. ఉత్తరం అందిన తెల్లారే విమానంల ఉంటది" అన్నాడు.

గిడియోన్ తలెత్తలేదు. నాన్న ఎడమ చేత్తో నున్నటి చెంప తడుముకున్నాడు. "నా చెయ్యి దాచెటందుకు నా బిడ్డ కాపురాన్ని చెడగొడుతున్న. నాకు దినాం చెప్తనే ఉన్నడు, ఫోన్ల కొట్లాటలైతున్నయని. నేనే ఇననట్టు చేసిన" అన్నాడు. "రాయి మార్తా. అంత రాయి. ఏం ఇడిసిపెట్టకు."

అలా ఈ ఉత్తరం నలుగురి ముందు మొదలైంది. నువ్వు ఉరికి రాకూడదని, డాక్టరుతో నువ్వే ఫోన్‌లో మాట్లాడాలని, నీ సెలవు వచ్చినప్పుడే రావాలని అనుకున్నాం. వస్తానంటే ఆపలేమని కూడా అందరికీ తెలుసు. ఇకపై శనివారం సాయంత్రం నాన్న గడ్డం వరండాలో, నలుగురూ చూసేట్టు గీయాలన్నది నాన్న మాటే. "నా అల్లుడు నాకు చేస్తుండు, దొంగతనమా?" అన్నాడు. రేపు ఆదివారం చర్చికి వస్తున్నాడు. చొక్కా బొత్తాలు నేను పెడతాను. సుశీల ఉత్తరం నీ చేతికి ఇచ్చిన రోజు నువ్వు ఫోన్ చెయ్యి, వీడియో పెడతాం. ముందు నాన్న ముఖం చూడు. చెయ్యి తర్వాత చూద్దువు.

లేచేముందు చాయ్ పోశాను. గిడియోన్ గ్లాసు గట్టు మీద పెట్టలేదు, చేతికే ఇచ్చాను. అతను చెంప తడుముకొని, "వదినా, ఇగ పని నేర్చుకున్న గద. రోజూ గీసుకోవాల్నా, మునుపటి లెక్క ఇడిసిపెట్టాల్నా?" అని అడిగాడు. అనూప్ ఒకటన్నాడు, నాన్న ఇంకొకటన్నాడు. ఆ ఒక్క సంగతి మాత్రం మేం తేల్చలేదు. నీకే వదిలేశాం.

ఇప్పుడు రాయవచ్చు. ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
నీ పెద్దక్క,
మార్తమ్మ