బోడికొండ అంటుకున్న రోజు

కుప్పం,
ఆదివారం.

అమ్మకు,

మునిలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, పుంగనూరులో గిరీషూ ఉషా బాగున్నాం. నీ మోకాలి నొప్పి కూడా తగ్గి ఉంటుందనుకుంటాను. మామ కూడా క్షేమం. ఆ మాట ముందే ఎందుకు రాశానో కింద తెలుస్తుంది. భయపడకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం అందింది. నీ పట్టు రీలింగ్ షెడ్డులో మిషన్ల హోరుకు ఫోను వినపడదని నువ్వు ఉత్తరాలు మానలేదు. ఈసారి అదే మంచిదైంది. ఫోనులో అయితే నేను చెప్పేది సగంలో ఉండగానే పెట్టేస్తావు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. ఉష సెలవు రోజుల్లో నా దగ్గరికి వస్తోంది, వాళ్ల నాన్న పశువుల ఫారంలో పుట్టిన కొత్త దూడ గురించి తప్ప వేరే మాట లేదు. పుంగనూరుకు బదిలీ ఈ ఏడు లేదన్నారు. ఏనుగులు ఈమధ్య తమిళనాడు వైపు దాటిపోయాయి, వాటి గురించి దిగులు పెట్టుకోకు. ఫారెస్టు ఉద్యోగమే అయినా అగ్గి దగ్గర ఆడదానికి ఏం పని అని అడిగావు. దాసప్ప మామ ఎందుకు ఫోను చేయడం లేదని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి కలిపి రాస్తాను.

శివరాత్రి దాటాక మీ ఊరి పైన బోడికొండ ఎట్లా ఎండుతుందో నీకు తెలుసు. ఎక్కడ మంట పుట్టినా ఉపగ్రహం చూసి మా ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. ఆ రోజు మెసేజ్ కన్నా ముందు పొగే కనపడింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాళ్లం లేచి జీపెక్కాం. నేను, బీట్ ఆఫీసర్ కుమారస్వామి, ఎండకాలానికి పెట్టుకున్న ఫైర్ వాచర్లు. వాళ్లలో పాపన్న ఒకడు. రామకుప్పం వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు.

కొండ మీద మంటను నీళ్లతో ఆర్పడం కుదరదమ్మా. అంత నీళ్లు పైకి ఎవరు మోస్తారు? మంటకు ముందుగా పోయి గడ్డీ ఆకులూ ఊడ్చి, ఒట్టి నేల తేలేలా బాట తీస్తాం. ఊడ్చడానికి ఇప్పుడు గాలి మిషన్లు వచ్చాయి, వీపుకు తగిలించుకోవచ్చు. మంట అక్కడిదాకా వచ్చి తినడానికి ఏమీ దొరక్క ఆగుతుంది. అంచులను పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతాం. ఆ రోజు మంట ఊరివైపు దిగుతోంది. కింద గడ్డివాములు, వాటి పక్కనే ఇళ్లు. నువ్వు పుట్టిన ఇల్లు కూడా ఆ వరసలోనే ఉంది కదా. అందుకని ఊరికీ మంటకీ మధ్య బాట తీయడం మొదలుపెట్టాం.

సగం తీశామో లేదో మామ మేకలు కొండ దిగి వచ్చాయి. వాటి వెనక మామ లేడు. వరలక్ష్మి అత్త పరిగెత్తుకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుంది. పొద్దున మేకలతో పోయిన మనిషి ఇంకా రాలేదనీ, ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదనీ చెప్పింది.

రేంజర్ సాయిప్రసాద్ గారికి వాకీటాకీలో చెప్పాను. ఇంకో జట్టు బయలుదేరిందని, అది వచ్చేదాకా బాట పని ఆపవద్దని, వెతకడానికి ఇద్దరు ముగ్గురికి మించి వెళ్లవద్దని ఆయన అన్నారు. సరైన మాటే. ఒక్క మనిషి కోసం అందరం పైకి పోతే ఊరు పోతుంది. మిగతా వాచర్లను బాట దగ్గర ఉంచి కుమారస్వామినీ పాపన్ననీ తీసుకుని నేనే బయలుదేరాను. సొంత మనిషిని వెతకడానికి నేను పోవచ్చునా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ కొండ మీద ఏ బండ ఎక్కడుందో మిగతావాళ్లకు తెలియదు. అందుకే వెళ్లాను. మామ కాబట్టి కూడా వెళ్లాను.

ఇట్లాంటప్పుడు ఎదురుగా మంటలోకి పోకూడదు. చుట్టూ తిరిగి, అప్పటికే కాలిపోయిన నేల మీదుగా పోవాలి. కాలినచోట మళ్లీ అంటుకోవడానికి ఏమీ ఉండదు. నేల చెప్పుల్లోంచి వేడిగా తగులుతోంది. కొంత దూరం పోవడం, ఈల వేయడం, ఆగి వినడం. పేరు పెట్టి అరవడం కన్నా ఈల దూరం పోతుంది. జవాబు రాలేదు. మధ్యాహ్నం పూట మేకలున్న మనిషి నీళ్ల దగ్గరే ఉంటాడని, బండల మధ్య వాన నీళ్లు నిలిచే దొన వైపు తిరిగాం. దగ్గరికి పోయేసరికి పాపన్న చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. పొగలోంచి దగ్గు వినపడింది.

దొనకు పోయే సందు ఒక్కటే. మేకలు నీళ్లను తొక్కకుండా మామ ఆ సందుకు ముళ్లకంప అడ్డం వేసి ఉంచాడు. ఆ కంప అంటుకుని ఉంది. లోపలున్న మనిషి బయటికి రాలేడు, మేం లోపలికి పోలేం. కుమారస్వామి మచ్చుకత్తితో కొమ్మలు నరకబోయాడు. దగ్గు ఆగిపోయింది. పాపన్న ఇంక ఆగలేకపోయాడు. రెండు చేతులతో మండే కంపను పట్టి ఒక్కసారిగా పక్కకు లాగేశాడు. తన గ్లౌజులు కింద గాలి మిషన్ నడిపేవాడికి ఇచ్చి వచ్చాడని అప్పుడు చూశాను.

మామ దొన అడుగున బురదలో బోర్లా పడుకుని, తడి టవలు తలమీద కప్పుకుని ఉన్నాడు. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. పొగ మింగాడు. నీళ్లు తాగించి లేపితే నిలబడ్డాడు. పాపన్న చేతులు మాత్రం చూడలేకపోయాను. అరచేతుల తోలు లేచిపోయింది. అతను అరవలేదు, చేతులు ముందుకు చాచుకుని బండ మీద కూర్చున్నాడు. కుమారస్వామి అతన్ని ముందు దింపుకుపోయాడు. రోడ్డు మీదికి 108 వచ్చి కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయింది. పొద్దు గూకే ముందు రెండో జట్టు బాట పూర్తి చేసింది. ఊళ్లో ఒక గడ్డివాము పోయింది, ఇళ్లు నిలిచాయి.

ఇంతవరకూ ఊరంతా చెప్పుకునే సంగతి. ఇక నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

మామ నా భుజం పట్టుకుని దిగుతున్నాడు. నేనేమీ అడగలేదు. తనే చెప్పాడు.

“నేనే పెట్టినా పాపా. కాలిస్తే వానకు లేత గడ్డి వస్తాదని రోంత అంటించినా. గాలి తిరిగిపాయ.”

ఆ పూట ఆయనను ఆసుపత్రిలో చూపించి ఇంటి దగ్గర దింపి వచ్చాను.

మర్నాడు ఊరివాళ్లు కిషోర్ పేరు చెప్పారు. పక్క పల్లెలో మేకలు కాస్తాడు. పిల్లోడి మాదిరి ఉంటాడు గానీ పెళ్లయినవాడే. ఆ రోజు కొండ మీద బీడీ తాగుతూ ఉండగా చూశామని ఇద్దరు చెప్పారు. అతన్ని పిలిపించి రేంజ్ ఆఫీసు బెంచీ మీద కూర్చోబెట్టారు. వాళ్లావిడ గేటు బయట చంటిబిడ్డతో నిలబడి ఉంది. కిషోర్ నన్ను చూసి, “మేడం, నేను బీడీ తాగింది వాగు కాడ. కొండ ఎక్కనే లే” అన్నాడు. నిజం చెబుతున్నాడని ఆ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం మామ ఇంటికి పోయాను. ఆఫీసులో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగాను. అత్త ఏడ్చింది. నువ్వు నోరు మూసుకుంటే చాలు, కిషోర్‌ను రెండు రోజులకు వాళ్లే వదిలేస్తారు అంది.

“నేను సెప్పింది మా అక్క కూతురికి. ఆఫీసరుకు కాదు” అన్నాడు మామ.

“ఇద్దరం యాడ ఉండాము మామా? నేనొక్కదాన్నే గదా” అన్నాను. ఆ ఇంట్లో నా నోటికి ఆ ఊరి మాటే వస్తుంది.

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. రేపు పొద్దున చెబుతానని చెప్పి లేచాను. దప్పికై మంచినీళ్లు అడిగితే అత్త లోపలికి పోయి తలుపు వేసుకుంది. కొండ మీద రాని ఏడుపు బస్సులో వచ్చింది.

పొద్దున రేంజర్ గారికి విన్నది విన్నట్టు చెప్పాను. సొంత మనిషి కాబట్టి కేసు నేను రాయకూడదని కూడా చెప్పాను. ఆయన సరేనని ఇంకో సెక్షన్ ఆఫీసరుకు అప్పగించి, మామ కోసం జీపు పంపబోయారు. అది కదలకముందే మామ గేటు దగ్గర ఉన్నాడు. మొదటి బస్సుకే వచ్చాడట, చలవ చేసిన చొక్కా వేసుకుని. ఈమె నీకేమవుతుందని రేంజర్ గారు అడిగితే, “మా అక్క కూతురు సార్. మా బావ సచ్చిపోయినాక పదో తరగతి దాకా నా ఇంట్లోనే పెరిగింది. అబద్ధం సెప్పదు” అన్నాడు. తరువాత అగ్గి పెట్టింది తనే అని చెప్పాడు. కిషోర్‌ను అప్పుడే పంపించారు. అతను బిడ్డనెత్తుకుని వెళ్లిపోయాడు.

అడవికి నిప్పు పెట్టిన కేసు రాశారు. కోర్టు బెయిలిచ్చింది. ముందు ముందు ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పలేను, శిక్ష పడినా పడవచ్చు. నేను సాక్షిని. జడ్జి ముందు మళ్లీ ఇదే చెప్పాలి, చెబుతాను.

కోర్టు మెట్ల దగ్గర మామను అడిగాను, అమ్మకు ఫోను చేసి చెబుతావా అని. “నాకు నోరు రాదు పాపా. నువ్వే రాయి. తగ్గించి మాత్రం రాయద్దు” అన్నాడు. అందుకే ఏదీ తగ్గించలేదు.

నీ తమ్ముణ్ణి నీ కూతురే కోర్టుకు ఎక్కించిందని మదనపల్లెలో నీకు ఎవరో ఒకరు చెబుతారు. కాదని అనవద్దు. నువ్వు నా మీద కోప్పడితే నేను పడతాను. చెప్పకుండా ఉండి ఉంటే రోజూ ఆ యూనిఫాం వేసుకోలేకపోయేదాన్ని. అట్లాగని మంచి పని చేశానన్న సంతోషం కూడా నాకు లేదు.

నిన్న పాపన్నను చూడడానికి ఆసుపత్రికి పోయాను. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. వేళ్లు మళ్లీ మడుస్తాడని డాక్టరు చెప్పాడు, కానీ నెలలు పడుతుంది. మంచం పక్కన స్టూలు మీద మామ కూర్చుని ఉన్నాడు. బెయిలు వచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాడట. మొదటి రోజు పాపన్న భార్య, ఈ మనిషిని ఈడికి యాల రానిచ్చినారని నర్సులతో గొడవపడి మామ తెచ్చిన అన్నం క్యారియర్‌ను వరండాలోకి తోసేసిందట. మామ దాన్ని తీసుకుని పోయి మర్నాడు మళ్లీ వచ్చాడట. నిన్న ఆమె అక్కడే గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

క్యారియర్‌లో రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి. అత్తే చేసి పంపిందని రుచి చూడకుండానే తెలిసింది. మామ సంగటి తుంచి, ఊరుబిండిలో అద్ది పాపన్న నోటికి అందించాడు. పాపన్న కష్టపడి మింగి, నీళ్లు తాగి, మామ ముఖం వైపు చూశాడు.

“రోంత సిన్న ముద్ద పెట్టప్పా. ఇంత పెద్దది గొంతు దిగల్యా” అన్నాడు.

మామ ముద్దను రెండుగా తుంచాడు.

ఇట్లు
నీ బిడ్డ
మునిలక్ష్మి