నాలుగు చుక్కల పరీక్ష

ష్రూస్‌బరీ,
ఫిబ్రవరి 12

ప్రియమైన నాన్నకి,

ముందే చెప్పేస్తున్నాను, ఫెయిలయ్యాను. చివరిదాకా చదివించి ఆఖర్న చెబితే నీకు చిరాకు, అందుకని మొదటి ముక్కే అది. ఫోన్ చేద్దామంటే ముప్పై నాలుగేళ్ళు డీజిల్ ఇంజన్లలో కూర్చుని చెవులు పాడు చేసుకున్నావాయె, నీకు వినబడాలంటే మీ వీధంతా వినబడేలా అరవాలి. నా పరువు బార్మత్ వీధిలో పోగొట్టుకోవడం కంటే ఉత్తరం నయం.

నీ రోజుల్లో ఈ గోల లేదు. బొగ్గు ఎత్తావు, పక్కన కూర్చుని చూశావు, ఒకరోజు సీటు ఇచ్చారు. ఇప్పుడు డ్రైవర్ కావాలంటే ముందు కాగితాల మీద చుక్కలు లెక్కపెట్టాలి. కాగితం నిండా చుక్కల గుంపులుంటాయి. కొన్నింట్లో మూడు, కొన్నింట్లో నాలుగు, కొన్నింట్లో అయిదు. నాలుగున్న గుంపునల్లా కొట్టేసుకుంటూ పోవాలి. ఒక్కో కాగితానికీ ఇంత సమయమని ఉంటుంది. గంట కొట్టగానే తరవాతి కాగితం. ఇంతే, చంటిపిల్లల ఆటలాంటిది.

బర్మింగ్‌హామ్‌లో పరీక్ష పెట్టినావిడని, ఎక్కడ తప్పానమ్మా అని అడిగాను. “మీరు కొట్టినవాటిలో ఒక్క తప్పు లేదండీ. కానీ సగం కాగితం ఖాళీగా ఉంది” అంది. ఎందుకుందో నాకు అప్పుడే తెలిసిపోయింది. ప్రతి వరసా పూర్తవగానే మళ్ళీ మొదటికి వెళ్ళి సరిచూశాను. నేను కావాలని చేసింది కాదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. పన్నెండేళ్ళుగా గార్డు ఉద్యోగం నాకు నేర్పింది అదే కదా. ప్లాట్‌ఫామ్ చూడు, తలుపులు మూయి, మళ్ళీ చూడు, అప్పుడే డ్రైవర్‌కి బయల్దేరమని రెండుసార్లు గంట కొట్టు. ఆ రెండో చూపులో ఎన్ని కోటు అంచులు, ఎన్ని చంటిపిల్లల బండ్ల చక్రాలు దొరికాయో నాకు తెలుసు. దేనికి మెచ్చుకుని నాకు బ్యాడ్జి ఇచ్చారో దానికే నన్ను ఫెయిల్ చేశారు. ఒళ్ళు మండిపోతోంది నాన్నా.

ఇక్కడ డ్రైవర్ల విశ్రాంతి గదిలో హెఫిన్ నోటికి అడ్డే లేదు. “ఏం మెలెరీ, నాలుగుదాకా లెక్కపెట్టడం రాలేదటగా? మా మనవరాలికి నాలుగేళ్ళు. సాయం పంపించనా?” అన్నాడు.

“పంపించు. నీ బండి కూడా దానికే అప్పగించు, కనీసం టైముకి వస్తుంది” అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత వెళ్ళి మరుగుదొడ్డిలో కూర్చున్నాను.

ఆర్నెల్లు ఆగి ఇంకొక్కసారి రాయొచ్చు. ఆ రెండోది కూడా పోతే ఈ దేశంలో ఏ కంపెనీవాళ్ళూ జన్మలో నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోనివ్వరు. నాకు నలభయ్యేళ్ళు. పన్నెండేళ్ళుగా వెనక పెట్టెలో నిలబడి, దాటిపోయిన దారినే చూస్తున్నాను. రాబోయే దారిని ముందునుంచి చూడాలని ఉంది. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

మందులు వేసుకో. మీ అల్లుడు అలెడ్ నిన్ను అడిగానని రాయమన్నాడు.

నీ కూతురు,
మెలెరి


ష్రూస్‌బరీ,
ఆగస్టు 3

నాన్నా,

పరీక్ష ఈ నెల ఇరవైన. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని చుక్కలు కొడుతున్నాను. అలెడ్ గుడ్లు ఉడకబెట్టే గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. నా కళ్ళు వెనక్కి వెళ్ళాయంటే చాలు, చెంచాతో బల్ల మీద కొడతాడు. మొదటి వారం ఆ చెంచా విసిరి పారేశాను. ఇప్పుడు ఫరవాలేదు, వెనక్కి చూడకుండా చివరిదాకా పోగలుగుతున్నాను. కానీ మధ్యాహ్నం డ్యూటీ ఎక్కగానే మళ్ళీ రెండుసార్లు చూడాల్సిందే, లేకపోతే ఎవడి చెయ్యో తలుపులో నలుగుతుంది. పొద్దున్న మర్చిపోవాల్సింది మధ్యాహ్నం గుర్తు తెచ్చుకోవాలి. మనిషిని పిచ్చెక్కించడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు.

ఇది రాయడానికి కూర్చుంది చుక్కల గురించి కాదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపను.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ పరీక్ష ఇదివరకు ఏ కంపెనీలోనైనా, ఎన్నిసార్లు రాశారు అని. ఫిబ్రవరిలో ‘రాయలేదు’ అని నింపాను. ఇప్పుడు ‘ఒకసారి’ అని నింపాను. రెండూ అబద్ధాలే. నాకు ఇరవై ఒక్కేళ్ళప్పుడు రాశాను నాన్నా. రాసి ఫెయిలయ్యాను. అప్పటి ఇంటిపేరు నీది, ఇప్పటిది అలెడ్‌ది. అప్పటివన్నీ కాగితాలు, ఎక్కడో అట్టపెట్టెల్లో ఉండి ఉంటాయి. కాబట్టి ఎవరికీ దొరకదు. వాళ్ళ లెక్కన ఇది రెండోది, నా లెక్కన మూడోది. మూడో అవకాశం ఎవరికీ లేదు.

నీకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది, కాకపోతే నేను చెప్పినట్టు గుర్తుంటుంది. టుడూర్ మావయ్య అప్పుడు బర్మింగ్‌హామ్ కంపెనీలో డ్రైవర్లను ఎంచేవాళ్ళలో ఉన్నాడు. నీ పక్కన కూర్చుని పని నేర్చుకున్న మనిషి, మన ఇంట్లో నా చేత బలవంతంగా ముల్లంగి తినిపించిన మనిషి. నేను పరీక్షకి వెళ్ళేముందే నువ్వు డిపో అంతా, చర్చి అంతా, చేపలమ్మే కొట్టుదాకా చెప్పేశావు, మా అమ్మాయి ఈ లైన్లో మొదటి ఆడ డ్రైవర్ అవుతుందని. ఫెయిలయ్యానని తెలిశాక ఆ ఆఫీసు వసారాలోనే గోడకి ఆనుకుని ఏడుస్తుంటే టుడూర్ మావయ్య వచ్చాడు. “నాన్నకి చెప్పకు మావయ్యా” అన్నాను. “సరే, చెప్పను” అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు, కొత్త చొక్కా వేసుకుని. నోరు జారాను. “వాళ్ళకి ఆడపిల్లలు అక్కర్లేదట. టుడూర్ మావయ్యే అన్నాడు” అన్నాను.

ఒక్క వాక్యం. అప్పటికప్పుడు పుట్టింది. మర్నాడు సర్దుకోవచ్చులే అనుకున్నాను. కానీ నువ్వు ఆ సాయంత్రమే ఆయనకి ఫోన్ చేసి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టావు. అవతల ఆయన ఏమీ అనడం లేదు, అది చూసి నువ్వింకా రెచ్చిపోయావు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. పంతొమ్మిదేళ్ళు నువ్వు ఆయన మొహం చూడలేదు. మైర్ అత్తయ్య పోయి మావయ్య ఒంటరివాడైనప్పుడు కూడా నువ్వు వెళ్ళలేదు. నల్ల కోటు బయటికి తీసి, మళ్ళీ అల్మారాలో తగిలించేశావు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. ఇంతకాలం చెప్పనిది ఇప్పుడెలా చెప్పనని, ఏ ఏటికాయేడు అదే సాకు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఫిబ్రవరి ఫెయిలు తరవాత నువ్వు రాసిన జవాబులో ‘ఆ టుడూర్‌గాడు అప్పుడే నిన్ను తీసుకుని ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు’ అన్నావు. ఆ వాక్యం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పరీక్షకి మాత్రం వెళ్తున్నాను. ‘ఒకసారి’ అన్నది మార్చను. ఒక్క చుక్కల కాగితం కోసం జీవితాంతం వెనక పెట్టెలో నిలబడలేను. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, ఈ సంగతి మాత్రం కంపెనీవాళ్ళకి చేరనివ్వకు.

మెలెరి


బార్మత్,
ఆగస్టు 8

మెలెరికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మర్నాడు పొద్దున్నే బండెక్కి టుడూర్ ఉండే టౌయిన్‌లో దిగాను. వాడే తలుపు తీశాడు. బాగా ముసలాడైపోయాడు, నేనూ అంతే అనుకో. ఏమనాలో తెలీక నీ ఉత్తరం చేతిలో పెట్టాను. గుమ్మంలో నిలబడే చదివాడు. చదివి ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. లోపలికి వెళ్ళి కూరగాయల చీటీ వెనక రాసి చూపించాడు. ‘పిల్లకి మాటిచ్చాను ఇద్వాల్’ అని ఉంది.

“పంతొమ్మిదేళ్ళురా. ఒక్కసారైనా చెప్పొచ్చు కదరా” అన్నాను.

‘నువ్వు అడిగితే కదా. తిట్టావంతే’ అని రాశాడు.

టీ ఇచ్చాడు. తరవాత ఇద్దరం మైర్ దగ్గరికి నడిచి వెళ్ళాం. ఆవిడ సమాధి మీద పేరు నేను చూడడం ఇదే మొదటిసారి. దాని గురించి ఇంక రాయలేను.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. చాలా ఉన్నాయి తిట్లు. కానీ నువ్వు పరీక్షకి వెళ్ళకముందే నేను ఊరంతా చాటింపు వేశాను. ఫెయిలై ఇంటికి రావడానికి నీకు దారి లేకుండా చేశాను. అది నా తప్పు. మిగతాదంతా నీది, దాన్ని నా మీద వేసుకోను.

నీ దరఖాస్తు సంగతి నేను మాట్లాడను. ఎవరికీ చెప్పను కూడా. నలభయ్యేళ్ళదానివి, ఏం రాయాలో నీకు నేను చెప్పేదేమిటి. ముందు టుడూర్‌కి రాయి. నాకు తరవాత.

నాన్న


ష్రూస్‌బరీ,
ఆగస్టు 22

ప్రియమైన నాన్నకి,

టుడూర్ మావయ్యకి నిన్న రాశాను. ఆరు పేజీలయ్యింది. అందులో ఏముందో నీకు చెప్పను, ఆయన చెప్పినా వినకు.

పరీక్ష సంగతి. పొద్దున్న తొమ్మిదికి పదకొండు మందిమి కూర్చున్నాం. చుక్కల కాగితాలిచ్చారు. గంట కొట్టాక నేను తల ఎత్తలేదు, వెనక్కి పోలేదు. ఒక గుంపు తప్పుగా కొట్టానని తెలిసి కూడా వదిలేసి ముందుకు వెళ్ళాను. మిగతా పరీక్షలు కూడా అయ్యాయి. మధ్యాహ్నం భోజనం ముందు తలుపు మీద కాగితం అంటిస్తారు. పేరు లేనివాళ్ళు ఇంటికి, ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఇంటర్వ్యూకి. నాలుగు పేర్లున్నాయి. రెండోది నాది. అక్కడే నిలబడి పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాను. పక్కనున్న కుర్రాడు పాపం పేరు లేక బ్యాగు సర్దుకుంటుంటే, నేను కనీసం ఓదార్పు మాట కూడా అనలేదు. అంత సంతోషంగా ఉంది.

ఇంటర్వ్యూ చేసినావిడ పేరు లోరిమర్. మంచి మనిషి. మంచినీళ్ళు పోసి ఇచ్చింది. ఇంటర్వ్యూలో అడిగేవి అందరికీ ముందే తెలుసు నాన్నా, ప్రతివాళ్ళూ కథలు తయారు చేసుకునే వెళ్తారు. నా దగ్గరా అయిదున్నాయి, అలెడ్ ముందూ, అద్దం ముందూ నిలబడి మరీ వల్లించాను. ఆవిడ అడిగింది, “మీరు చేసిన తప్పు ఎవరూ చూడకపోయినా మీరే వెళ్ళి ఒప్పుకున్న సందర్భం ఒకటి చెప్పండి” అని.

దానికీ నా దగ్గర కథ ఉంది. నిజమైనదే. మూడేళ్ళ క్రితం బోర్త్ స్టేషన్లో చివరి పెట్టె ప్లాట్‌ఫామ్ దాటి ఆగితే, చూసుకోకుండా తలుపులు తెరిచాను. ఎవరూ దిగలేదు, ఎవరూ చూడలేదు, నేనే ఫోన్ చేసి చెప్పుకున్నాను. ‘బోర్త్‌లో’ అని మొదలుపెట్టాను. ఆవిడ రాసుకోవడం మొదలుపెట్టింది. ఎదురుగా నా దరఖాస్తు ఉంది, నా చేతిరాత నాకే తలకిందులుగా కనబడుతోంది. ‘ఒకసారి’. ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని, తప్పులు ఒప్పుకునే మనిషినని నేను చెప్పుకుంటున్నాను. టుడూర్ మావయ్య కూరగాయల చీటీ గుర్తొచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

“బోర్త్ సంగతి వదిలేయండి. ఆ దరఖాస్తులో నేను రాసింది అబద్ధం. పంతొమ్మిదేళ్ళ క్రితం ఒకసారి రాసి ఫెయిలయ్యాను. ఇది మూడోసారి” అన్నాను.

ఆవిడ పెన్ను పెట్టేసింది. “ఈ మాట మీరు అనకుండా ఉంటే బాగుండేదండీ. ఇప్పుడు నేను విననట్టు ఉండలేను” అంది.

వెళ్ళి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన కటువుగా ఏమీ మాట్లాడలేదు. రూలు చదివి వినిపించాడు. పేరు జాబితాలోంచి కొట్టేశారు, ఇక ఎక్కడా దరఖాస్తు పెట్టే వీల్లేదు. గార్డు ఉద్యోగానికి ఢోకా లేదు కానీ, అబద్ధం రాసినందుకు హెచ్చరిక కాగితం ఫైల్లో పెడతారట. లోరిమర్ తలుపుదాకా వచ్చి చెయ్యి కలిపింది.

మర్నాడు డ్యూటీకి వెళ్తే హెఫిన్ అడిగాడు. ఇంకో అబద్ధం మోసే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈసారి ఎగతాళి చేస్తాడనుకున్నాను. “పిచ్చిదానా, నోరు మూసుకుని కూర్చుంటే వచ్చే నెల నా పక్కన బండి నేర్చుకుంటూ ఉండేదానివి కదే” అన్నాడు. ఆ మనిషి మొహంలో నిజంగానే బాధ ఉంది. అదే నాకు భరించడం కష్టమైంది.

అవును, ఉండేదాన్ని. రోజుకి పదిసార్లు అదే అనుకుంటున్నాను. మనసు తేలికపడిందా అని అలెడ్ అడిగాడు, లేదన్నాను. మంచిపని చేశావని నువ్వు మాత్రం రాయకు నాన్నా, ఆ ముక్క చదివితే ఉత్తరం చింపేస్తాను. నువ్వూ మావయ్యా మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, అది చాలనుకోవాలంటాడు అలెడ్. అది మీ ఇద్దరిదీ, దాన్ని నేను పాడు చేశాను, ఇప్పుడు తిరిగి ఇచ్చాను. నాది నాకు రాలేదు.

ఆదివారం వస్తాను. మావయ్యని కూడా పిలువు, ఆయన మొహం చూసి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. రెండు రోజులుగా ఏ పని చేస్తున్నా ఒకటే మెదులుతోంది, అది మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ అర్థం కాదు. నాకు బండి నడపడం చేతనవుతుందని వాళ్ళే పరీక్ష పెట్టి తేల్చారు. కాగితం మీద నా పేరు రాసి తలుపుకి అంటించారు. నేను పాసయ్యాను నాన్నా, ఇక జన్మలో నన్ను నడపనివ్వరు.

నీ,
మెలెరి